మిడ్జ్‌లీ ఊదిన కొవ్వొత్తి

మా కొత్త ఫ్రిజ్ వెనుక ఆర్-600ఏ అన్న అక్షరాలు చూసి కాసేపు ఆగిపోయాను. అది ఐసోబ్యూటేన్, మండే వాయువు.

1920లలో ఫ్రిజ్‌లలో సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వంటివి వాడేవారు. గొట్టం కారితే ఇంటిల్లిపాదికీ ప్రాణగండమే. అందుకే 1930లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుల సభలో థామస్ మిడ్జ్‌లీ ఫ్రియాన్-12ను గుండెనిండా పీల్చి, ఆ ఊపిరితోనే కొవ్వొత్తిని ఆర్పి చూపాడు. విషమూ కాదు, మండదు కూడా! (పెట్రోలులో సీసం కలిపే ఉపాయమూ ఈయనదే.)

దేనితోనూ కలవని ఆ గుణమే కొంప ముంచింది. చెక్కుచెదరకుండా పైకి చేరి, అతినీలలోహిత కిరణాల తాకిడికి క్లోరిన్‌ను విడిచి, ఓజోనును హరిస్తుందని 1974లో మొలీనా, రోలండ్ హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1944లోనే కన్నుమూసిన మిడ్జ్‌లీని దోషిగా నిలబెట్టడానికి నాకు మనసొప్పదు.

తరువాత వచ్చిన ఆర్-134ఏ ఓజోను జోలికి పోకపోయినా, భూమిని వేడెక్కించేది. చివరికి ఆయన పారదోలిన మండే వాయువే, కొన్ని పదుల గ్రాముల కొలతలో, మా వంటింటికి వచ్చింది.