సుంకం కంటే బరువైన కాగితం

వర్తకం మీద తగువు వచ్చిందంటే బ్రిటన్‌లో పార్టీలు చీలడం పాత కథే. విదేశీ ధాన్యం మీద సుంకాలు ఎత్తేయాలని 1846లో ప్రధాని రాబర్ట్ పీల్ పట్టుబడితే ఆయన సొంత కన్సర్వేటివ్ పార్టీయే రెండు ముక్కలైంది. 1903లో జోసెఫ్ చాంబర్లేన్ బర్మింగ్‌హామ్ సభలో, సామ్రాజ్యంలోని దేశాలకు సుంకాల్లో రాయితీ ఇద్దాం, పరాయి సరుకు మీద వేద్దాం అన్నారు. లిబరల్స్ రెండు రొట్టెల బొమ్మలతో జవాబు చెప్పారు. సుంకాలు లేకపోతే పెద్ద రొట్టె, వస్తే చిన్న రొట్టె. 1906 ఎన్నికల్లో పెద్ద రొట్టె గెలిచింది. కూలి చేసుకునేవాడికి కంచం ముందు కూర్చుంటే అర్థమైపోయే వాదన అది. సరిగ్గా 110 ఏళ్ల తర్వాత, యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని జనాన్ని అడిగినప్పుడు అలాంటి బొమ్మ ఏ పక్షానికీ దొరకలేదు. అప్పటికి వర్తకం సుంకాల పట్టీ దాటి నిబంధనల్లోకి వెళ్లిపోయింది.

1957లో ఆరు దేశాలు ఈ యూనియన్‌కు పునాది వేసిన ఒప్పందం మీద రోమ్‌లో సంతకాలు చేసినప్పుడు బ్రిటన్ దూరంగా ఉండిపోయింది. తర్వాత మనసు మార్చుకుని తలుపు తడితే ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ 1963లో ఒకసారి, 1967లో ఇంకోసారి కాదన్నారు. చివరికి 1973 జనవరి 1న ప్రధాని హీత్ హయాంలో చేరింది. రెండేళ్లకే రెఫరెండం పెడితే 67 శాతం మంది ఉందామన్నారు. సభ్యదేశాల జెండాలు అల్లిన స్వెటర్ వేసుకుని మార్గరెట్ థాచర్ కూడా ‘ఉందాం’ అనే ప్రచారం చేశారు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే మనిషి లార్డ్ కాక్‌ఫీల్డ్. ప్రధాని అయ్యాక థాచరే ఆయన్ను బ్రసెల్స్‌లోని యూరోపియన్ కమిషన్‌కు పంపారు. సుంకాలు పోయినా సరిహద్దు దగ్గర లారీలు ఎందుకు ఆగుతున్నాయని ఆయన ఆరా తీసి, 1985లో సుమారు 300 అడ్డంకుల్ని జాబితా కట్టి, 1992 చివరికల్లా తీసేయాలని గడువు పెట్టారు. 1993 జనవరి 1 నుంచి సభ్యదేశాల మధ్య తిరిగే సరుకుకు కస్టమ్స్ పత్రాల అవసరం లేకుండా పోయింది. ఆ ఉమ్మడి మార్కెట్ కట్టడంలో బ్రిటన్ చెయ్యి పెద్దది.

అదే బ్రిటన్‌లో 2016 జూన్ 23 రెఫరెండంలో 51.9 శాతం మంది బయటికి పోదామన్నారు. నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ ఉన్న సండర్లాండ్‌లో ఆ లెక్క 61 శాతం. యూరప్‌కు కార్లు అమ్ముకుని బతికే ఊరు తన కాలు తానే నరుక్కుందని చాలామంది తిట్టారు. ఆ మాట అన్యాయం. 1988లో ఆఖరి ఓడల యార్డు, 1993లో మాంక్‌వేర్‌మౌత్ బొగ్గు గని మూతపడిన ఊరది. ‘దేశ వాణిజ్య ప్రయోజనం’ అని లండన్‌లో అన్నప్పుడల్లా అందులో తమ వాటా ఏమిటని అక్కడివాళ్లు అడగడంలో తప్పు లేదు. తప్పల్లా జవాబిచ్చినవాళ్లది. సుంకాలన్నీ మనమే ఎత్తేద్దామని, బయటికి పోదామన్న ఆర్థికవేత్త పాట్రిక్ మిన్‌ఫోర్డ్ అన్నారు. బయటికి పోతే కార్లకు పది శాతం సుంకం పడుతుందని ఉండిపోదామన్నవాళ్లు బెదిరించారు. దేశ ఆర్థిక వ్యవస్థలో దాదాపు 80 శాతం సేవలదైతే, 0.1 శాతమున్న చేపల వేట యూనియన్‌తో చర్చల్లో ఆఖరి రోజు దాకా నలిగింది.

2020 డిసెంబర్ 24న సుంకాల్లేని ఒప్పందం కుదిరింది. వారం తర్వాత అది అమల్లోకి రాగానే అసలు సంగతి బయటపడింది. స్కాట్లాండ్‌లో పట్టిన లాంగుస్తీన్ రొయ్యలు రాత్రికి రాత్రి లారీలో ఫ్రాన్స్‌లోని బులోన్ మార్కెట్‌కు చేరేవి. ఇప్పుడు ఆరోగ్య ధ్రువపత్రం, వేట ధ్రువపత్రం, కస్టమ్స్ డిక్లరేషన్ కావాలి. ఒకే లారీలో పదిమంది సరుకు ఉంటే, ఒక్కరి కాగితంలో తప్పున్నా పదిమందిదీ ఆగుతుంది. ప్రాణంతో ఉన్న సరుకు ఎంతసేపు ఆగుతుంది? జనవరి 18న ఆ వ్యాపారులు లారీలు తీసుకొచ్చి లండన్ వైట్‌హాల్‌లో నిలబెట్టారు.

ఈ బాధ భీమవరం రొయ్యల రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. యాంటీబయాటిక్ అవశేషాల భయంతో, మన పెంపకపు రొయ్యల కన్సైన్‌మెంట్లలో సగాన్ని పరీక్షించాలని యూరప్ 2016లోనే నిర్ణయించింది. పరీక్షలో పోతే కంటైనర్ వెనక్కే. సుంకం ఎంతన్నది ఆ తర్వాతి మాట.

బయటికి రావడం వల్ల దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని బ్రిటన్ సొంత బడ్జెట్ పర్యవేక్షణ సంస్థే అంచనా కట్టింది. 2025 మే 19న లండన్‌లో బ్రిటన్, యూరోపియన్ యూనియన్ మళ్లీ కూర్చున్నాయి. ఆహార పదార్థాల మీద తనిఖీలు, ధ్రువపత్రాలు చాలావరకు తగ్గించే ఒప్పందం కోసం పని చేద్దామనుకున్నాయి. యూరప్ పడవలు బ్రిటన్ జలాల్లో 2038 దాకా వేటాడుకోవచ్చని కూడా అదే రోజు ఒప్పుకున్నారు. స్కాట్లాండ్ తీరంలో సాల్మన్ పెంచేవాళ్లు సంతోషించారు. అదే తీరం నుంచి పడవల మీద వేటకు వెళ్లేవాళ్లు మండిపడ్డారు.