లక్కముద్ర కవరు – గదిలోని ఉపాధ్యాయుడు

మన ఇండ్లలో పరీక్షల ప్రస్తావన వచ్చినప్పుడు పిల్లవాడు ఎంత చదివినాడనియే అడుగుదుము గాని, వానిచేత పరీక్ష వ్రాయించినవారు తమ పనిని ఎట్లు నేర్చిరని అడిగెడి వాడుక లేదు. ప్రశ్నపత్రము ఏ మార్గమున వచ్చినది, దాని ముద్రను ఎవరి యెదుట విప్పిరి, గదిలో నిలిచిన ఉపాధ్యాయుడు పిల్లలకు ఏమి చెప్పెను, ఏ భాషలో చెప్పెను అను విషయములు మార్కుల పట్టికలో కనబడవు. అయినను ఆ మార్కుల విలువ వీనిమీదనే ఆధారపడి యున్నది. ఒడియా, తెలుగు, కువి మాటలు ఒక్క బడి వరండాలోనే వినబడు టికిరి వంటి చోట ఈ చరిత్రను ఒకమారు తిరుగవేసి చూచుట వ్యర్థము కాదని మా తలంపు.

ముందుగా ఈ సీమ ఏయే ఏలుబడులలో నుండెనో చెప్పవలెను. ఏలుబడి మారినప్పుడెల్ల పరీక్ష కూడ మారినది. కోరాపుట్, రాయగడ ప్రాంతములు 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు మదరాసు రాజధానిలో, విశాఖపట్టణము ఏజెన్సీలో, జయపురము జమీందారీ క్రింద నుండినవి. టికిరి యున్న కాశీపురము ప్రాంతము మాత్రము కలహండి సంస్థానమునకు చెందినది. ఆ సంస్థానము 1948 జనవరి 1న ఒరిస్సాలో విలీనమైనది. 1960ల దశకమున కాశీపురము కోరాపుట్ జిల్లాకు చేర్పబడినది. 1992 అక్టోబరు 2న రాయగడ ప్రత్యేక జిల్లా కాగా అందులోనికి వచ్చినది. కావున టికిరిలో స్థిరపడిన తెలుగు కుటుంబములవారు తమ పెద్దల సర్టిఫికెట్లను పెట్టెలోనుండి తీసి చూచినచో, వానిపై నున్న ముద్రలు అన్నియు ఒకే కార్యాలయమువి కాకుండుటలో ఆశ్చర్యము లేదు.

మదరాసు విశ్వవిద్యాలయము 1857లో స్థాపితమైనది. దాని మెట్రిక్యులేషను పరీక్ష అర్ధశతాబ్దము పాటు మన జిల్లాల చదువులకు సింహద్వారమై నిలిచినది. ఒక్క పూట వ్రాసిన దానిమీద ఒక బాలుని భవిష్యత్తును తేల్చుట సరికాదని తలచి, 1911 నాటికి ఆ స్థానమున సెకండరీ స్కూలు లీవింగు సర్టిఫికెట్టు పద్ధతిని తెచ్చిరి. మన పెద్దలు దానిని ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకమనిరి. అందులో పబ్లికు పరీక్ష మార్కులతోపాటు బడిలో ఉపాధ్యాయులు వేసిన మార్కులు కూడ నమోదగుచుండెను. అనగా చదువు చెప్పు గురువే తీర్పరి కూడ అయ్యెను. ఉపాధ్యాయునికి పరీక్షావిధానమున శిక్షణ యుండవలెనను ప్రశ్న మన ప్రాంతమున నిజముగ పుట్టినది అప్పుడేనని మేము భావింతుము. ఒక బడిలో ఉదారముగ వేసిన డెబ్బది, వేరొక బడిలో పిసినితనముతో వేసిన డెబ్బది ఒక్కటి కావు గదా.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకొనక పోలేము. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో బోధించి, సవరల భాషకు జీవితమును ధారపోసిన ఆ మహనీయుడు వ్యావహారిక భాషకై సాగించిన వాదము వట్టి పండిత చర్చ కాదు. 1910ల దశకమున స్కూలు ఫైనలు పరీక్షలో తెలుగు వ్యాసమును ఏ తెలుగున వ్రాయవలెననునది అందలి ముఖ్య వివాదములలో నొకటి. పిల్లవాడు వ్రాసినది తప్పా ఒప్పా యనుటకు ముందు, దిద్దువారందరు ఒక్క కొలతను అంగీకరించి యుండవలెనను న్యాయము ఆ వివాదమువలన బయటపడినది. (ఈ వ్యాసమును మేము ఏ తెలుగున వ్రాయుచున్నామో చూచి పంతులుగారు నవ్వియుందురు. అది వేరు సంగతి.)

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలసినది. జయపురాధీశులు విక్రమదేవవర్మగారు దానికి ఏటేట లక్ష రూపాయల విరాళ మిచ్చి పోషించిన సంగతి మన పాఠకులకు క్రొత్త కాదు. 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయము స్థాపితమైనది. 1953 నాటి మాధ్యమిక విద్యా చట్టము ననుసరించి 1955లో కటకమున మాధ్యమిక విద్యామండలి ఏర్పడి, హైస్కూలు సర్టిఫికెట్టు పరీక్షను తన చేతిలోనికి తీసికొన్నది. ఆ పరీక్షలో తెలుగును ప్రథమ భాషగా తీసికొనుటకు అవకాశము గలదు. మనకు ముఖ్యమైన విషయ మిదియే: పరీక్ష ఒడియా రాష్ట్రపు మండలిది, కవరులలో నొకటి తెలుగుది.

పరీక్షను కాపాడు విద్య చాల ప్రాచీనమైనది. చీనా దేశమున సుంగు వంశపు రాజుల కాలముననే అభ్యర్థి పేరుపై కాగితము అంటించి మూసెడివారు. చేవ్రాతను బట్టి గుర్తుపట్టుదురను భయమున జవాబులనన్నిటిని లేఖకులచేత తిరిగి వ్రాయించి, ఆ ప్రతులనే పరీక్షకులకు ఇచ్చెడివారు. నాన్‌జింగు నగరపు పరీక్షాశాలలో ఒక్కొక్కరికి ఒక్కొక్క గూడు చొప్పున 20 వేలకు పైగా గూళ్ళుండెను. 1905లో ఆ పరీక్షలు రద్దయినవి. ఇన్ని జాగ్రత్తలును మోసము చేయువానిని పట్టుటకు ఉద్దేశించినవే. మోసమేమియు లేకున్నను పరీక్ష చెడవచ్చునను రెండవ సత్యము ఇరువదవ శతాబ్దమున గాని లోకమునకు స్పష్టపడలేదు.

చీనా పరీక్షలు ముగిసిన ఆ 1905లోనే పారిసు నగరమున బినే, సిమోను అను ఇరువురు పిల్లల బుద్ధిని కొలుచు ప్రశ్నావళిని ప్రకటించిరి. నిశ్శబ్దమైన గదిలో, బిడ్డను ఆదరముగ కూర్చుండబెట్టి, జవాబును సూచింపక ప్రశ్నింపవలెనని వారు నియమించిరి. 1917, 1918 సంవత్సరములలో అమెరికా సైన్యము సుమారు 17 లక్షలమందిని పరీక్షించినప్పుడు, సూచనలను అచ్చులో నున్నవి ఉన్నట్లు చదువవలెనని కట్టుదిట్టము చేసిరి. ఇంగ్లీషు చదువరానివారికి, ఆ భాష తెలియని వలసజనులకు ‘బీటా’ అను వేరు పరీక్షను సైగలతో, బొమ్మలతో నడపిరి. ఆ పరీక్షలలోని లోపములను తరువాతివారు గట్టిగనే విమర్శించిరి, అది న్యాయమే. కాని ప్రామాణిక పరీక్ష యనగా ప్రశ్న ఒక్కటియగుట మాత్రమే కాదు, దానిని అడుగు తీరు, ఇచ్చు గడువు, చెప్పు మాట కూడ ఒక్కటి కావలెనను పాఠము అచ్చటిదే. సూచన అర్థము కాక తప్పిన బిడ్డను చదువురాని బిడ్డగా లెక్కించుట ఎంత పొరపాటో ఇతరుల భాషల నడుమ పెరిగిన మనవంటివారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక బడిలో ఈ పని యెట్లు జరుగవలెనో చూతము. కవరులు పోలీసుల కాపలాలో భద్రపరచిన చోటునుండి కేంద్రమునకు వచ్చును. వానిని పుచ్చుకొనువాడు కవరుపై నున్న విషయము, తేదీ, పూట, ప్రతుల సంఖ్య చదివి, లక్కముద్ర చెక్కు చెదరలేదని చూచి సంతకము చేయవలెను. నిర్ణీత వేళకు సాక్షుల యెదుట గాని ముద్ర విప్పరాదు. ఇందు మిక్కిలి తరచుగ అశ్రద్ధకు గురియగునది భాష పేరు. గదినిండ ఒడియా ప్రథమ భాషవారుండి, చివరి బల్లమీద తెలుగు వ్రాయు పిల్లలు ఇద్దరే యున్నచో, వారి కవరు వేరొక గదిలో మిగిలిపోవుట కష్టము కాదు. అది దొరకునప్పటికి ఇరువది నిమిషములు గడచినచో, ఆ కాలమును వ్రాతపూర్వకముగ నమోదు చేసి పై యధికారి అనుమతితో తిరిగి ఈయవలసినదేగాని, ‘త్వరగా వ్రాయండి’ అని సరిపెట్టరాదు. ఆ గదిలోని యువ ఉపాధ్యాయునికి ఈ సంగతి ఎవ్వరును ముందుగ చెప్పియుండనిచో తప్పు వానిదొక్కనిదే యనలేము.

‘మాస్టారూ, ఈ మాటకు అర్థమేమి?’ అని పిల్ల అడిగినప్పుడు ఏమి చేయవలెను? మంచి ఉపాధ్యాయునికి నోరూరకుండదు. చెప్పుటయే వాని వృత్తి. అందుచేతనే మంచి ఉపాధ్యాయుడు శిక్షణ లేనిచో మంచి పర్యవేక్షకుడు కాలేడని మా గట్టి అభిప్రాయము. అచ్చులో నున్న సూచనను తిరిగి చదువవచ్చును. దానికి వ్యాఖ్యానము చేయరాదు. పత్రమును చేతబట్టి తాను చదువుచు నిలువరాదు. తాను బోధించు విషయపు పరీక్షనాడు ఆ గదిలో నుండరాదు. పిల్లలు లేచిపోకముందే జవాబు పుస్తకములను హాజరుపట్టీతో సరిచూచి లెక్కింపవలెను. మిగిలిన ప్రశ్నపత్రములను తిరిగి కట్టి సీలు వేయవలెను. ఇవన్నియు విన్నంత మాత్రమున వచ్చునవి కావు. ఒకమారు ఖాళీ కవరులతో చేసి చూపవలెను.

చిన్న ఊళ్ళలో మరియొక చిక్కు గలదు. పర్యవేక్షకుడు ఒక బిడ్డకు మేనమామ, మరియొక బిడ్డకు బాబాయి, మూడవవాని తండ్రికి అంగడిలో బాకీ. ‘కొంచెము చూచుకోండి బాబూ’ అను మాట మన వీధులలో ఎంత సహజముగ నోట వచ్చునో మనకు తెలియును. దగ్గరి బంధువు వ్రాయు కేంద్రమున పని చేయరాదను నిబంధన ఆ ఉపాధ్యాయుని అనుమానించుట కాదు. కాదనలేని మొగమాటమునుండి వానిని కాపాడుట.

ఈ క్రమము తప్పినచో ఏమగునో తెలుగునాటనే చూచితిమి. 2023 ఏప్రిల్ 3న తెలంగాణలో పదవ తరగతి తెలుగు పరీక్ష మొదలైన కొద్ది నిమిషములకే ప్రశ్నపత్రపు ఫొటో తాండూరు కేంద్రమునుండి వాట్సాపులో బయటకు పోయినది. పంపినవాడు పర్యవేక్షణలో నున్న ఉపాధ్యాయుడే. కంచే చేను మేసినట్లయ్యెను. మరునాడు కమలాపురమున కిటికీ ప్రక్కన కూర్చున్న బాలుని పత్రమును బయటివాడు ఫొటో తీసెను. ఆ బాలుని డిబారు చేయగా, హైకోర్టు జోక్యముతో గాని వానికి మిగిలిన పరీక్షలు వ్రాయు భాగ్యము కలుగలేదు. కిటికీ వెలుపల ఎవరున్నారో చూడవలసినవాడు పదియేనేండ్ల బాలుడా?

2019లో తెలంగాణ ఇంటర్మీడియటు ఫలితములందు ఒక విద్యార్థినికి తెలుగులో సున్న వచ్చినది. తిరిగి చూడగా 99. మార్కుల గడులను నింపుటలో జరిగిన తప్పు, సరిచూడవలసినవారు చూడని తప్పు అది. ఏ మోసగాడును లేడు, అజాగ్రత్త చాలినది.

చట్టములు లేకపోలేదు. ఒడిశాలో 1988 నాటిది, ఆంధ్రప్రదేశమున 1997 నాటిది గలవు. 2024లో కేంద్ర ప్రభుత్వము కూడ పబ్లికు పరీక్షల చట్టమును తెచ్చి, నేరమునకు 3 నుండి 5 ఏండ్లు, ముఠాగా చేసినచో 10 ఏండ్ల వరకు శిక్ష నిర్ణయించినది. అది ప్రధానముగ కేంద్ర నియామక, ప్రవేశ పరీక్షలకు సంబంధించినది. చట్టము దొంగను భయపెట్టును గాని, కవరుపై ‘తెలుగు’ అను మాటను చదువుట నేర్పదు.

మార్కులు, సర్టిఫికెట్లు లేని పరీక్షలును ఇప్పుడు మన బడులకు వచ్చుచున్నవి. 2021 నవంబరు 12న జరిగిన జాతీయ సాధన సర్వేలో 720 జిల్లాల నుండి సుమారు 34 లక్షల పిల్లలు పాల్గొనిరి. 2024 డిసెంబరు 4న ‘పరఖ్’ సర్వేక్షణము 3, 6, 9 తరగతుల పిల్లలలో 781 జిల్లాలలో నడచినది. ఇందు బడివారు గాక, ముందుగ శిక్షణ పొందిన క్షేత్ర పరిశోధకులు వచ్చి పరీక్ష నడుపుదురు. ఇచ్చట జయాపజయములు లేవు గదాయని, ఊరి పరువు నిలుపుటకు పిల్లలకు జవాబులు అందించినచో ఎవరికి నష్టము? అట్టి సాయమువలన జిల్లాలోని లోటు కాగితముపై మాయమగును. లోటు లేనిచోటికి సాయము రాదు. కాశీపురము కొండలలో కువి మాటలాడు మూడవ తరగతి బిడ్డ ఒడియా ప్రశ్నను గ్రహింపలేకపోయినచో ఆ విషయము భువనేశ్వరమునకు, ఢిల్లీకి తెలియవలసినదే. ఒడిశా ప్రభుత్వము 2006-07లో కువితో సహా పది గిరిజన భాషలలో బహుభాషా విద్యను ప్రారంభించుటకు మూలము ఇట్టి బిడ్డల అవస్థను గుర్తించుటయే.

రాజ్యాంగపు 350ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనా వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. బోధనను గూర్చి మన సంఘములు అర్జీలు వ్రాయుచునే యున్నవి. పరీక్షగదిని గూర్చి వ్రాసినది తక్కువ. మన సంఘములలో విశ్రాంత ప్రధానోపాధ్యాయులున్నారు. సెంటరు సూపరింటెండెంటులుగ పనిచేసి లక్కముద్రలు విప్పిన అనుభవము వారికి గలదు. విద్యాశాఖవారు శిక్షణ తరగతులు పెట్టునప్పుడు తెలుగు ప్రథమ భాష కవరుల సంగతిని ఒక పూట చెప్పుటకు వారిని పిలువుడని కోరవచ్చును. అంతకు ముందే తల్లిదండ్రులు చేయదగినది ఒకటి గలదు. కేంద్రమునకు ఎన్ని తెలుగు ప్రతులు రావలెనో నిర్ణయించునది పరీక్షనాటి హాజరు కాదు, నెలల క్రిందట బడిలో నింపిన దరఖాస్తు. ఆ దరఖాస్తులో ప్రథమ భాష గడిలో ఏమి వ్రాసిరో ఫారము బడి దాటకముందే ప్రధానోపాధ్యాయుల నడిగి, కన్నులార చూచి రావలెను.