వెలుగు తగిలితేనే మందు

శ్రీకాకుళం పక్కనున్న అరసవల్లిలో ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ ఒకటి రెండు రోజులు పొద్దుటి ఎండ నేరుగా గర్భగుడిలోకి వచ్చి మూలవిరాట్టును తాకుతుంది. చర్మరోగాలున్నవాళ్లు, చూపు మందగించినవాళ్లు ఆ సూర్యనారాయణస్వామికి మొక్కుకోవడం తరతరాల అలవాటు. భక్తి సంగతి అలా ఉంచితే, ఎండతో వైద్యం చెయ్యడం మన పాత వైద్యులకూ తెలుసు, ఈజిప్టువాళ్లకూ తెలుసు. బొల్లికి మనవాళ్లు బావంచాలు నూరి పూసి, మచ్చను ఎండకు చూపించమనేవారు. ఆ గింజల్లోని సొరాలెన్ అతినీలలోహిత కిరణాలు పడ్డాకే పనిచేస్తుందని తర్వాతెప్పుడో తేలింది.

మెదడు కణితి మీదికి ఇప్పుడు ప్రయోగిస్తున్న, మందిచ్చి వెలుగుతో కణాలను చంపే ఫోటోడైనమిక్ చికిత్స ఈ వైద్యానికి చుట్టమే గాని, దాని దారి వేరు. అది 1900 ప్రాంతంలో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదలైంది. టాపైనర్ అనే ప్రొఫెసర్ దగ్గర ఆస్కార్ రాబ్ అనే వైద్యవిద్యార్థి, అక్రిడిన్ రంగు కలిపిన నీళ్లలో పారమీషియం అనే ఏకకణ జీవి ఎంతసేపటికి చస్తుందో చూస్తున్నాడు. లెక్క రోజుకో రకంగా వచ్చింది. ఉరుములతో మబ్బు కమ్మిన రోజున అవి చాలాసేపు బతికాయి. తేడా అంతా కిటికీలోంచి వచ్చే వెలుగులో ఉంది! 1903కల్లా టాపైనర్ బృందం చర్మపు కణితులకు ఇయోసిన్ రంగు పూసి వెలుగు పట్టింది. ఆక్సిజన్ లేకపోతే ఇదేదీ జరగదని ఆ వెంటనే కనిపెట్టింది కూడా వాళ్లే.

1912లో మేయర్-బెట్జ్ అనే జర్మన్ వైద్యుడు 200 మిల్లీగ్రాముల హెమటోపోర్ఫిరిన్ తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. ఎండ తగిలిన చోటల్లా ఒళ్లు వాచిపోయి, వారాల తరబడి బాధపడ్డాడు. అది సాహసమో మొండితనమో తేల్చలేం.

మెదడుకు వచ్చేసరికి పుర్రె అడ్డం. ఎండలో కూర్చుంటే తలలో గడ్డ కరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఎర్రని లేజరు కాంతి కూడా మెదడులో కొన్ని మిల్లీమీటర్లకు మించి గట్టిగా పనిచెయ్యదు. అందుకే ఆపరేషన్‌లో కణితి తీసేశాక, ఆ ఖాళీలోనే ఫైబరు పెట్టి వెలుగు పడతారు. మెదడు కణితుల్లో అతి మొండిదైన గ్లయోబ్లాస్టోమా తిరగబెట్టేది ఎక్కువగా ఆ అంచుల్లోంచే. ఇటలీలో పెర్రియా బృందం 1980లోనే రోగుల మీద ఈ చికిత్సను ప్రయత్నించింది. జపాన్ 2013లో మెదడు కణితులకు తాలాపోర్ఫిన్ మందు వాడకానికి అనుమతిచ్చింది. 5-ఏఎల్ఏ అనే మరో మందును ఆపరేషన్‌కు ముందు తాగిస్తే, నీలి వెలుగులో కణితి గులాబీ రంగులో మెరుస్తుంది. ఎక్కడిదాకా కొయ్యాలో సర్జనుకు అది చూపిస్తుంది.

ఏ మందు, ఎంత వెలుగు, ఎంతసేపు? ఇవి రోగి తల తెరిచి నేర్చుకునే సంగతులు కావు. ల్యాబులో కణితి కణాలను చిన్న ఉండలుగా పెంచడం 1970ల నుంచే ఉంది. వీటిని స్ఫెరాయిడ్లు అంటారు. కాలిఫోర్నియాలో మ్యాడ్‌సెన్, హిర్ష్‌బర్గ్ 2000లో గ్లయోమా అనే మెదడు కణితి స్ఫెరాయిడ్లకు 5-ఏఎల్ఏనే చికిత్స మందుగా ఇచ్చి వెలుగు పట్టారు. ఫలితం మన అంచనాకు అడ్డం తిరిగింది. జోరుగా కొట్టిన వెలుగు కంటే తక్కువ జోరుతో, ఎక్కువసేపు పట్టిన వెలుగే ఎక్కువ కణాలను చంపింది. జోరు వెలుగు ఉండలోని ఆక్సిజన్‌ను గబగబా ఖర్చు చేసేస్తుంది. బయటినుంచి కొత్తది లోపలికి చేరేలోగా నడిమి కణాలు తప్పించుకుంటాయి. పళ్లెంలో ఒకే పొరగా పరుచుకున్న కణాల్లో ఈ నడిమి కణాలే ఉండవు.

2013లో వియన్నాలో లాంకాస్టర్, నోబ్లిక్ మూలకణాల నుంచి పెసరగింజంత మెదడు ముద్దను పెంచారు. స్ఫెరాయిడ్‌కు తర్వాతి మెట్టైన ఇలాంటి ముద్దను ఆర్గనాయిడ్ అంటారు. 2020లో పెన్సిల్వేనియా యూనివర్సిటీవాళ్లు ఆపరేషన్‌లో తీసిన గ్లయోబ్లాస్టోమా ముక్క నుంచే ఒకటి రెండు వారాల్లో ఆర్గనాయిడ్లు తయారుచేశారు. అంటే ఫలానా రోగి కణితి మీదే ముందుగా మందు పరీక్షించి చూసుకోవచ్చన్నమాట. శ్రీకాకుళం, విజయనగరం నుంచి విశాఖ కేజీహెచ్ ఆస్పత్రికి రిఫరై వచ్చే మెదడు గడ్డ కేసులకు ఇది ఇంకా దూరపు మాటే. అయినా మన దేశం 2023 మార్చిలో కొత్త మందుల నిబంధనలు సవరించి, జంతువులకు బదులు ఇలాంటి కణజాలం మీద జరిపిన పరీక్షలకూ చోటిచ్చింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు అనుబంధంగా ఇలాంటి కణజాల నమూనాల కోసం ఒక కేంద్రమూ ఉంది.

అయితే ఆర్గనాయిడ్‌లో మామూలుగా రక్తనాళాలు ఉండవు. మందును ద్రవంలో కలిపేస్తారు గాని, రోగి నెత్తురుకూ మెదడుకూ మధ్యనుండే కంచెను అది దాటగలదో లేదో అందులో తెలియదు. చుట్టూ పుర్రె కూడా లేదు కనుక, వెలుగు పట్టాక వచ్చే వాపు మెదడును ఎంత నొక్కుతుందో చూడలేం. కాబట్టి నిబంధనలు సడలినా, అక్కడ నెగ్గిన మందు మామూలుగా ఇంకా ఎలుకల దగ్గరికీ, ఆ తర్వాత క్లినికల్ ట్రయల్స్‌కూ వెళ్లాల్సిందే.