ఎవ్రూ: నగర నామం, డెవెరూ ఇంటిపేరు

ఎవ్రూ ఉత్తర ఫ్రాన్సులో, నార్మండీ ప్రాంతంలో, ఇటోన్ నది ఒడ్డున ఉన్న నగరం. ఇంగ్లండు, ఐర్లండులలో వినిపించే డెవెరూ అనే ఇంటిపేరు ఈ ఊరి పేరు నుంచే వచ్చింది. రెండింటికీ వేరు ఒక చెట్టులో ఉంది.

చెట్టు, తెగ

రోమన్లు రాకముందు ఇక్కడ నివసించిన గాల్ తెగ పేరు అవులెర్కి ఎబురోవికెస్. గాల్ భాషలో ‘ఎబురోస్’ అంటే యూ చెట్టు; ‘వికెస్’ అంటే పోరాడేవారు, గెలిచేవారు. యూ ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్టు. కాయలు ఎర్రగా నోరూరిస్తాయి గాని లోపలి గింజా, ఆకూ విషం. విరగకుండా వంగే దాని కర్ర విల్లులకు పేరుపడింది. క్రీ.పూ. 56లో ఈ తెగవారు యుద్ధం వద్దన్న తమ పెద్దలనే చంపి, రోముపై తిరగబడ్డారని జూలియస్ సీజర్ రాశాడు.

తెగ పేరే ఊరి పేరు

రోమన్ల కాలంలో ఈ ఊరు మెడియోలానమ్. ఇటలీలోని మిలాన్ పాత పేరూ అదే. ఆ పేరుగల ఊళ్లు గాల్ తెగల ప్రాంతమంతటా చాలా ఉండడంతో, గుర్తు కోసం తెగ పేరు జోడించి పిలిచేవారు. సామ్రాజ్యం చివరి దశలో అసలు పేరు జారిపోయి తెగ పేరే మిగిలింది. పారిసీ తెగ వల్ల లుటేషియా పారిస్ అయినట్టే ఇదీ జరిగింది. జనం నోట నలిగి ‘బ’కారం ‘వ’కారమై, చివరకు ఎవ్రూగా స్థిరపడింది.

ఊరి నుంచి ఇంటిపేరు

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక, ఎవ్రూ నుంచి వెళ్లినవారిని ‘ద్’ఎవ్రూ’, అంటే ‘ఎవ్రూ వారు’ అన్నారు. లాటిన్ పత్రాల్లో అది ‘దె ఎబ్రోయికిస్’. ముందున్న ‘ద’కారం పేరులో కలిసిపోయి డెవెరూ అయింది. వాల్టర్ డెవెరూకు 1550లో హెరెఫర్డ్ వైకౌంట్ బిరుదు దక్కింది. మొదటి ఎలిజబెత్ రాణికి ఎంతో ఇష్టుడైన ఎసెక్స్ ప్రభువు రాబర్ట్ డెవెరూ, ఆమెపైనే తిరుగుబాటు చేసి 1601లో శిరచ్ఛేదానికి గురయ్యాడు. ఐర్లండులోని వెక్స్‌ఫర్డ్ ప్రాంతంలోనూ ఈ ఇంటిపేరు పాతుకుంది.

ఊరి పేరులో చెరిగిపోయిన ‘బ’కారం ఊరివాళ్ల పేరులో మాత్రం నిలిచి ఉంది. ఎవ్రూ వాసులను ఫ్రెంచిలో నేటికీ ‘ఎబ్రోయిసియాఁ’ అంటారు. ఆ మాటలో పాత యూ చెట్టు ఇంకా పలుకుతూనే ఉంది.