‘లోకస్ట్ బీన్’ అంటే మిడత కాదు.. ఖర్రూబ్ కాయ!

పిల్లలు ఐస్‌క్రీమ్ తెచ్చుకుంటే డబ్బా వెనక్కి తిప్పి చదివే అలవాటు ఇప్పుడు మన ఇళ్లల్లో చాలామందికి ఉంది. అక్కడ ‘లోకస్ట్ బీన్ గమ్’ అనో, ‘స్టెబిలైజర్ 410’ అనో కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో లోకస్ట్ అంటే మిడత కదా, ఇందులో పురుగులు కలిపారా అని అనుమానం వస్తుంది. మిడత తినడం హలాలే, అది వేరే సంగతి. అసలు ఈ గమ్‌కీ, మిడతకీ సంబంధమే లేదు. ఇది ఒక చెట్టు గింజల పిండి. ఆ చెట్టును ఇంగ్లిష్‌లో కారబ్ అంటారు, అరబ్బీలో ఖర్రూబ్. యునానీ వైద్యంలో ఖర్నూబ్ అంటే ఇదే.

కాయ ఎలా ఉంటుంది?

కారబ్ చిక్కుడు జాతికి చెందిన చెట్టు. ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. స్పెయిన్, ఇటలీ, మొరాకో, సైప్రస్, టర్కీ, లెబనాన్ లాంటి మధ్యధరా సముద్ర దేశాల్లో పెరుగుతుంది. కాయ జానెడు పొడవుంటుంది. పండితే ముదురు గోధుమ రంగుకు మారి, చింతకాయలా గట్టిపడుతుంది. కానీ పులుపు ఉండదు, తియ్యగా ఉంటుంది. గింజలు తీసేసి కాయను అలాగే నమిలి తింటారు.

ఎలా వాడతారు?

ఈజిప్టులో, ఫలస్తీన్‌లో రంజాన్ వచ్చిందంటే ఖర్రూబ్ షర్బత్ ఉండాల్సిందే. కాయ ముక్కల్ని నీళ్లలో నానబెట్టి, చక్కెరతో మరిగించి, వడగట్టి, చల్లార్చి ఇఫ్తార్‌లో తాగుతారు. లెబనాన్‌లో కాయల రసాన్ని చిక్కటి పాకంగా కాస్తారు. దాని పేరు దిబ్స్. నువ్వుల ముద్దతో కలిపి రొట్టెలో నంజుకుంటారు.

ఎండిన కాయను పొడి చేస్తే కోకో పౌడర్‌లా ఉంటుంది. అందులో కెఫీన్ ఉండదు కాబట్టి చాక్లెట్‌కు బదులు వాడుతున్నారు. పీచు, కాల్షియం బాగానే ఉంటాయి. అయితే ఒక్కటి గుర్తుంచుకోవాలి. పొడిలో దాదాపు సగం చక్కెరే. సహజమైనది కదా అని షుగర్ ఉన్న పెద్దవాళ్లకు లెక్క లేకుండా ఇవ్వకూడదు.

గింజల పొట్టు తీసి, లోపలి తెల్లటి భాగాన్ని పిండి చేస్తే వచ్చేదే 410. ఐస్‌క్రీమ్‌ను చిక్కగా ఉంచుతుంది, అందులో మంచు పలుకులు పెరగకుండా చూస్తుంది.

పేర్ల తికమక

ఎండిన కాయ మిడతలా కనిపిస్తుందని ఆ పేరు వచ్చిందని ఒక వివరణ. యహ్యా అలైహిస్సలాం అడవిలో మిడతలు, తేనె తిని బతికారని ఇంజీల్‌లో ఉంది. ఆయన తిన్నది ఈ కాయలేనని కొందరు క్రైస్తవులు నమ్మడంతో దీనికి ‘సెయింట్ జాన్స్ బ్రెడ్’ అనే పేరూ ఉంది.

బంగారం, వజ్రాలకు వాడే క్యారెట్ కూడా ఈ గింజ నుంచి పుట్టిన మాటే. గ్రీకు పేరు అరబ్బీలో ఖీరాత్ అయింది. జనాజా నమాజుకు హాజరైతే ఒక ఖీరాత్, ఖననం దాకా ఉంటే రెండు ఖీరాత్‌ల పుణ్యం అని హదీసులో వినే ఖీరాత్ ఈ మాటే. గింజలన్నీ ఒకే బరువుంటాయని పూర్వం నమ్మేవారు. తూచి చూస్తే అది నిజం కాదని తేలింది. 1907లో క్యారెట్‌ను 200 మిల్లీగ్రాములుగా ఖాయం చేశారు.

స్పానిష్‌లో అల్‌ఖర్రూబ్ కాస్తా ‘అల్గరోబా’ అయింది. స్పెయిన్ వాళ్లు అమెరికా ఖండానికి వెళ్లాక, అక్కడ కనిపించిన వేరే చెట్లకూ అదే పేరు పెట్టేశారు. మన ఊళ్లల్లో కంపలా పెరిగే సర్కారు తుమ్మ ఆ జాతిదే. కాబట్టి ఇంటర్నెట్‌లో అల్గరోబా అని చూసి, మేకలు మేసే ఆ కాయల్ని ఖర్రూబ్ అనుకుని ఇంట్లో పొడి చేయొద్దు.

అసలు చూడాల్సింది ఏమిటి?

డబ్బా మీద 410 ఉంటే భయం అక్కర్లేదు. 412 కూడా గోరుచిక్కుడు జాతి గింజల బంకే. ఆరా తీయాల్సింది 471 గురించి. అది కొవ్వు నుంచి తయారవుతుంది. ఆ కొవ్వు నూనెగింజలది కావొచ్చు, జంతువుదీ కావొచ్చు. మన దేశంలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే జంతువుల కొవ్వు లేదన్నట్టే. విదేశాల నుంచి బంధువులు తెచ్చే వాటికి ఆ చుక్క ఉండదు. అప్పుడు హలాల్ ముద్ర చూసుకోవాలి.