రంగము ప్రయాణము



వంశధారాతీరమునందలి శ్రీముఖలింగ క్షేత్రమునకు వచ్చు యాత్రికులు మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములను సేవించి, పూర్వము గాంగరాజులు పాలించిన కళింగనగరము ఇదియేనని విని మరలిపోవుచుందురు. ఆ సంగతిని శాసనాధారములతో నిరూపించిన మహనీయుడు గిడుగు రామమూర్తి పంతులుగారు. వారి వ్యావహారిక వాదముతో నావంటి పాతకాలపు వానికి పొత్తు కుదరకపోయినను, శాసనముల విషయమున వారికి చేతులెత్తి నమస్కరింపక తప్పదు. ఈ వంశధారయే దిగువకు పోయి కళింగపట్టణముకడ సముద్రమున కలియుచున్నది. ఆ రేవునుండి కడలి దాటిన మనవారికి ఏ పత్రము కావలసియుండెనో, ఏది అక్కరలేక పోయెనో విన్నవించుట నేటి ప్రసంగమునకు విషయము.

"ఫలాని దేశమునకు వీసా అక్కరలేదట" యను మాట ఇప్పుడు మన పల్లెలలో సైతము వినబడుచున్నది. పాస్‌పోర్టు మన ప్రభుత్వము మన కిచ్చు గుర్తింపు. వీసా యనగా ఎదుటి ప్రభుత్వము తన గడప దాటి లోనికి రమ్మని యిచ్చు అనుమతి. ఇది తెల్లవారు కనిపెట్టిన వింత కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను అధికారి యున్నాడు. ఒక మాషకము పుచ్చుకొని అతడు ముద్ర యిచ్చును. ముద్ర గలవాడే జనపదము ప్రవేశింపవలెను, వెడలవలెను. ముద్ర లేక పట్టుబడిన జానపదునికి పండ్రెండు పణముల దండుగ. మన తెలుగునాట కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లి రేవునందు అభయశాసనము వేయించి, గాలివానకు ఒడ్డునబడిన యోడల సొమ్మును పూర్వరాజులవలె అపహరింపక, న్యాయమైన సుంకము మాత్రమే గైకొందునని పరదేశ వర్తకులకు మాట యిచ్చెను. తలుపు తెరచుటయు మూయుటయు ఆ యింటి యజమాని పని యని ఈ రెండింటను స్పష్టమగుచున్నది.

ఇక రంగము మాట. రంగూను నగరమును మనవారు రంగమనిరి. "రంగమునకు పోయినాడు" అన్నమాట వినని యిల్లు ఆనాటి గంజాం, విశాఖపట్టణ మండలములలో అరుదు. 1852లో రంగూను ఆంగ్లేయుల వశమాయెను. 1886 జనవరి 1న తక్కిన బర్మాయు బ్రిటిషు ఇండియాలో కలుపబడెను. ప్రభుత్వ మొక్కటి, రూపాయి యొక్కటి. కళింగపట్టణమునుండి రంగమునకు పోవుట మదరాసునకు పోవుటవలె స్వదేశ ప్రయాణమే. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, గడువు లేదు. మసూలా పడవలో అలలు దాటి, దూరమున లంగరు వేసిన స్టీమరు నెక్కి, పైతట్టున చాపపరచుకొన్నవాడు మూటతో రంగమున దిగుచుండెను. భీమునిపట్టణము, విశాఖపట్టణము, గోపాలపురము రేవులనుండియు ఇట్లే పోయిరి.

దీనిని స్వేచ్ఛ యనవచ్చునా? పత్రము లేకపోయినను పలువురికి మేస్త్రీ యుండెను. ఓడకూలి యతడే పెట్టును, బయానా యతడే యిచ్చును, కూలిలో అతడే విరుచుకొనును. రేవులో బస్తాలు మోయుటకు, బియ్యపు మిల్లులలో పనిచేయుటకు, రిక్షాలు లాగుటకు, వీధులు శుభ్రము చేయుటకు చౌకకూలీలు కావలెను. కావుననే తలుపు తెరచియుండెను. తెరచినవారు దొరలు, ప్రవేశించినవారు మనవారు. ఇంటి యజమానులైన బర్మీయులను మాత్రము ఎవ్వరు నడిగినవారు లేరు. 1931 జనాభా లెక్కలనాటికి రంగూనునందు నాలుగు లక్షల జనులలో సగమునకు మించి భారతీయులే. మనవారి నచ్చట కోరంగివారనిరి. అది గోదావరీముఖమునందలి కోరంగి రేవునుండి పుట్టిన పేరు. మలయాలో కళింగ శబ్దము "కెలింగు" అయినది. మహారాజుల బిరుదులలో వెలసిన పేరు అచ్చట కూలివానిని పిలుచు చులకనమాటగా మారినది!

1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు సమ్మె చేసిరి. ఓడల యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొని, సమ్మె తీరగానే వారిని వెడలగొట్టి మనవారిని మరల పిలిచిరి. నెత్తురు పారినది. ఇరువురును పేదవారే. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశమునుండి వేరుచేయబడెను. 1938లో మరల అల్లరులు. వలసల సంగతి విచారించుటకు బాక్‌స్టర్ అను నధికారిని నియమించిరి. తుదకు 1941లో బర్మా ప్రధాని ఊ సా, భారతప్రభుత్వము పక్షమున గిరిజాశంకర్ బాజ్‌పాయి ఒడంబడిక చేసికొనిరి. భారతీయుడు బర్మాలో అడుగిడవలెనన్న వీసాతోకూడిన పాస్‌పోర్టో, ప్రవేశానుమతి పత్రమో యుండవలెనని దాని సారము. కూలిపనికై పోవువారి ప్రయాణము ఆ జూలై 21 నుండియే ఆపివేయబడినది. గాంధీమహాత్ముడును ఈ యొడంబడికను గర్హించెను. మనవారికి కలిగిన కష్టము కష్టమే. అయినను తన గడపపై తనకు హక్కు కావలెనన్న బర్మీయుని కోరికను తప్పనుటకు నాకు నోరాడదు.

కాగితములు సర్దుకొనక మునుపే యుద్ధము వచ్చిపడినది. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడినవి, 1942 మార్చి 8న నగరము జపానువారి వశమైనది. ఓడలు దొరకనివారు లక్షలకొలది కాలినడకను అరకాను కొండలమీదుగా చిట్టగాంగునకు, తమూమీదుగా మణిపురమునకు బయలుదేరిరి. ఆకలిచేత, విషజ్వరములచేత, కలరాచేత వేలకొలది దారిలోనే రాలిపోయిరి. టిక్కెట్టుతో ఓడదిగిన దేశమునుండి నడచి వచ్చినవారి నెవ్వరును పత్ర మడుగలేదు.

1947లో బర్మా తన ప్రవేశశాసనమును చేసికొని, 1948 జనవరి 4న స్వతంత్రమాయెను. 1962లో సేనాని నేవిన్ అధికారము గైకొని అంగళ్లను, మిల్లులను జాతీయము చేయుటతో మిగిలినవారును తరలివచ్చిరి. విశాఖపట్టణమునందలి బర్మాక్యాంపు అట్టివారి నివాసమే. విచిత్రమేమనగా, సముద్రతీరపు మనకు తలుపు మూయబడిన పిదపనే, 1950లో ఎల్లయందలి కొండజాతులవారికి ఇరువదియైదు మైళ్లలోపల వీసా లేని రాకపోకలు అనుమతింపబడినవి. 2004లో దానిని పదునారు కిలోమీటర్లకు తగ్గించిరి. 2024 ఫిబ్రవరిలో ఆ యేర్పాటునే తీసివేయుదుమని మన ప్రభుత్వము ప్రకటించినది.

ఇప్పటి "వీసా అక్కరలేదు" అను మాటకు అర్థము వేరు. 2023 నవంబరునుండి థాయిలాండు, డిసెంబరు 1 నుండి మలేషియా మనవారికి ముందస్తు వీసా లేకయే ముప్పది దినముల ప్రవేశమిచ్చినవి. 2024లో థాయిలాండు దానిని అరువది దినములు చేసినది. ఇది చూచివచ్చుటకు, బంధువులను పలుకరించుటకు ఇచ్చిన ప్రవేశము. మేస్త్రీనాటి ప్రయాణము పనికొరకు; దానికి గడువు లేదు. నేటి ప్రవేశము పని కొరకు కాదు. గడువు దాటిన నేరము. ఈ రెండింటిని కలిపి చెప్పువాడే నేటి మోసపు దళారి. 2024లో మన విశాఖపట్టణపు పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారమున ఉద్యోగమని నమ్మి పోయిన పిల్లలను గదులలో నిర్బంధించి కంప్యూటరు మోసములు చేయించిరి. పనికి పంపు ఏజెంటు 1983 నాటి వలసచట్టము క్రింద విదేశాంగశాఖవద్ద నమోదైయున్నాడా యని అడిగి చూచుట పెద్దల పని. నమోదు సంఖ్య చెప్పలేనివానికి పిల్లవాని పాస్‌పోర్టు చేతికీయరాదు.

కెలింగులని పిలువబడినవారి మనుమల యిండ్లకు, అనగా మలయాకు, పోవుటకు దారి ఇట్లు సుగమమైనది. మన తాతలు టిక్కెట్టుతో పోయిన రంగమునకు మాత్రము వీసా కావలెను.