రెప్పపాటు అతిథి

ముత్తంగిలో మా ఇంటికి అప్పుడప్పుడు అర్ధరాత్రివేళ ఓ అతిథి వస్తుంది. కిటికీలు బిగించినా ఆగదు. గొంతు గరగరలాడించి, తెల్లవారేసరికి చల్లగా జారుకుంటుంది. అదో వాసన!

ఫిర్యాదు చేస్తే మూడోనాడు మిట్టమధ్యాహ్నం ఒకాయన వచ్చి, గాలి పీల్చి, "ఏదమ్మా వాసన?" అన్నాడు. "రాత్రి రావాలె సారూ!" అంది పక్కింటి అవ్వ. ఆయన నవ్వేసి వెళ్ళిపోయాడు. లేనిపోనివి చెప్పే ఆడవాళ్ళుగా మిగిలాం మేం.

కెమిస్ట్రీ చదివిన మేడమీది అమ్మాయి మాత్రం నమ్మింది. "పెయింట్లో కలిపే టోలీన్ వాసనలా ఉంటుంది పిన్నిగారూ" అంటూ, బి.ఏ. చదివిన నాకు అర్థమయ్యేలా ఒక కథ చెప్పింది.

టోలీన్ అణువులోంచి ఒక్క హైడ్రోజన్ పరమాణువు ఊడిపోతే మిగిలేది బెంజైల్ రాడికల్. జతలేని ఎలక్ట్రాన్ దానికి నిలకడ లేకుండా చేస్తుంది. ఎదురైనదానితో జతకట్టి, రెప్పపాటులోపే మాయమవుతుంది. మరి దాన్ని చూడడమెలా?

యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళంలో రాడార్ అధికారిగా పనిచేసొచ్చిన జార్జ్ పోర్టర్, కేంబ్రిడ్జిలో గురువు నారిష్‌తో కలిసి 1949 నాటికి ఉపాయం కనిపెట్టాడు. గొట్టంలో ఆవిరి నింపి ఒక పెద్ద మెరుపు మెరిపిస్తే అణువులు విరుగుతాయి. ఆ వెంటనే, లెక్క ప్రకారం, ఇంకో చిన్న మెరుపు. ఆ రెండో వెలుగు ఆవిరిగుండా పోయి, విడివిడి పట్టీలై ఫోటో ప్లేటుమీద పడుతుంది. రాడికల్ మింగేసిన వెలుగుల చోట ఖాళీ చారలు. అవే దాని వేలిముద్రలు! 1950ల్లో పోర్టర్, రైట్ టోలీన్ ఆవిరిలో బెంజైల్‌ని అలాగే పట్టారు. 1967లో పోర్టర్‌నీ, నారిష్‌నీ నోబెల్ బహుమతి వరించింది.

ఈ వేలిముద్రల విద్య మనవాళ్ళకీ కొట్టినపిండే. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగధామరావుగారు స్పెక్ట్రోస్కోపీకి పెద్ద పరిశోధనాశాలనే నిలబెట్టారు. పుచ్చా వెంకటేశ్వర్లుగారు 1950లో, కార్బన్‌కి రెండు ఫ్లోరిన్లు అంటుకున్న మరో క్షణజీవి వెదజల్లే వెలుగుపట్టీల మీద పరిశోధనాపత్రం ప్రకటించారు. అది టోలీన్‌కి చుట్టం కాదు గానీ, దాని ఆయుష్షూ అంతంతమాత్రమే.

కథంతా విన్నాక నాకు ఒక్కటే తట్టింది. మెరుపు మెరిశాక పోర్టర్ ప్లేటుకోసం వెతుక్కోలేదు. ముందే సిద్ధంగా పెట్టుకున్నాడు.

ఆ రాత్రినుంచీ నా తలగడ పక్కన ఓ నోటుపుస్తకం ఉంటోంది. తేదీ, గంట, గాలి ఎటునుంచి వీచిందో రాస్తున్నాను. తెల్లారగానే గోడమీంచి అవ్వ అడుగుతుంది: "రాసినవా బిడ్డా?"

"రాశానవ్వా!"